'గోయ్' అన్న హీబ్రూ మాటకి తెలుగులో ఏం రాయాలి? అసలు అది తిట్టా, కాదా?

సబ్‌టైటిల్ సుబ్బు | శుక్రవారం సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. ఒక సిరీస్‌కి తెలుగు సబ్‌టైటిళ్ళు రాస్తున్నాను. న్యూయార్క్‌లో ఒక యూదు కుటుంబం కథ. అమ్మాయి తను ప్రేమించిన కుర్రాణ్ణి మొదటిసారి ఇంటికి తీసుకొస్తుంది. టీ తాగి, నాలుగు మాటలు మాట్లాడి వాడు వెళ్ళిపోతాడు. తలుపు మూసుకోగానే నాయనమ్మ అల్లుతున్న స్వెటర్ మీద నుంచి తల ఎత్తకుండా ఒక్క మాట అంటుంది: "గోయ్." సీను అంతే. ఆవిడ మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు.

నిఘంటువులో 'యూదుడు కాని వ్యక్తి' అని ఉంది. నేను 'యూదేతరుడు' అని రాశాను. మా ఆవిడ చూసి, "ఆ ముసలావిడేమైనా తహసీల్దారు ఆఫీసులో రిటైరయిందా?" అంది. సోమవారం పొద్దున్నకి ఫైలు పంపాలి. ఇది తిట్టయితే తిట్టులా రాస్తాను, కాకపోతే మామూలుగా రాస్తాను. అదే తేలడం లేదు. కాస్త సాయం చెయ్యండి.

మిద్దెతోట | శుక్రవారం 6:52

"గోయ్" అనే ఉంచెయ్యండి. మనవాళ్ళు గొయ్యి అనుకుంటారు. ప్రేమలో పడ్డాడు కాబట్టి అదీ సరిపోతుంది.

సందేహాలరావు | శుక్రవారం 7:05

ఇందులో తేలకపోవడానికేముంది సుబ్బుగారూ? అది తిట్టే. 'మా వాడు కాదు' అని చెప్పడానికి ఒక ప్రత్యేకమైన మాట పెట్టుకున్నారంటేనే దాని వెనక చిన్నచూపు ఉన్నట్టు. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. మన మ్లేచ్ఛుడు లాంటిది. అలాగే రాసెయ్యండి.

పాతపుస్తకాల వీధి | శుక్రవారం 8:31

రావుగారూ, తొందరపడకండి. ఆ మాట పుట్టింది అలా కాదు.

'గోయ్' అంటే హీబ్రూ బైబిల్లో జనం, జాతి. అంతే. బహువచనం 'గోయిమ్'. పాత నిబంధనలో ఈ మాట ఐదువందలకు పైగా చోట్ల వస్తుంది. అందులో ఎక్కడా ఇది ఫలానా ఒక్క మనిషికి పేరు కాదు, ఎప్పుడూ సమూహానికే. ఇంకో సంగతి, ఇశ్రాయేలు కూడా గోయే. ఆదికాండం 12లో దేవుడు అబ్రాముతో "నిన్ను గొప్ప జనముగా చేసి" అంటాడు కదా, అక్కడ హీబ్రూలో ఉన్నది 'గోయ్ గదోల్'. నిర్గమకాండం 19లో సీనాయి కొండ దగ్గర "పరిశుద్ధమైన జనము" అన్నది 'గోయ్ కదోష్'. యెషయా మొదటి అధ్యాయంలో అదే ఇశ్రాయేలుని "పాపిష్ఠి జనమా" అని తిట్టిన చోట కూడా 'గోయ్' అనే ఉంది. పొగిడినా తెగిడినా ఆ మాట మారలేదు.

ఇంకా వింత చూడండి. యోవేలు గ్రంథంలో దేశం మీద పడ్డ మిడతల దండుని కూడా గోయ్ అంటాడు. గుంపుగా వచ్చి పడ్డాయి కాబట్టి.

అంతకంటే పాత ఆధారం కావాలంటే మారి అనే నగరం ఉంది, ఇప్పటి సిరియాలో, యూఫ్రటిస్ ఒడ్డున. అక్కడ దొరికిన మట్టి పలకల మీద 'గాయుమ్' అనే మాట కనిపిస్తుంది. తెగ, వంశం అని అర్థం. అవి క్రీస్తు పూర్వం 18వ శతాబ్దానివి. గోయ్ దానికి చుట్టమే అని భాషావేత్తలు చెబుతారు.

కాకినాడ కాజా | శుక్రవారం 9:10

పుస్తకాల వీధి గారూ, నేను పదకొండేళ్ళుగా సండే స్కూల్లో పిల్లలకి చెబుతున్నాను. మీరు రాసింది చదివి బైబిలు తీసి చూసుకున్నాను. ఒక ప్రశ్న. రెండో కీర్తన మొదటి వచనం "అన్యజనులు ఏల అల్లరి రేపుచున్నారు? జనములు ఏల వ్యర్థమైనదానిని తలంచుచున్నవి?" కదా. అక్కడ అన్యజనులు అన్నది కూడా గోయిమేనా?

పాతపుస్తకాల వీధి | శుక్రవారం 9:24

గోయిమేనండీ. ఆ వచనంలో రెండోసారి వచ్చిన "జనములు" వేరే మాట, 'లెఉమ్మీమ్'. మొదటిది గోయిమ్.

మంచి చోట పట్టుకున్నారు. తెలుగు అనువాదకులు ఏం చేశారంటే, గోయ్ అన్నది ఇశ్రాయేలు గురించి అయితే 'జనము' అన్నారు. ఇతరుల గురించి అయితే చాలాచోట్ల 'అన్యజనులు' అన్నారు. హీబ్రూలో ఒకటే మాట. అందుకని తెలుగులో చదివేవాళ్ళకి అవి రెండూ ఒకటేనన్న అనుమానం కూడా రాదు. రిబ్కా కడుపులో కవలలు కొట్టుకుంటున్నప్పుడు "రెండు జనములు నీ గర్భములో కలవు" అని ఉంటుంది చూడండి, అక్కడ ఉన్నది 'రెండు గోయిమ్'. ఒకడు ఏశావు, ఒకడు యాకోబు. అంటే యూదుల మూలపురుషుడూ గోయే, వాడి అన్నా గోయే. అక్కడ 'రెండు అన్యజనములు' అని రాయలేరు కదా! కాబట్టి 'జనములు' అన్నారు.

అనువాదకుల తప్పని అనను. గ్రీకులో కూడా దాదాపు ఇదే జరిగింది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీబ్రూ గ్రంథాల్ని గ్రీకులోకి మార్చడం మొదలుపెట్టినప్పుడు గోయ్‌కి 'ఎత్నోస్' అని, 'అమ్' అనే ఇంకో మాటకి 'లావోస్' అని ఎక్కువగా వాడారు. 'అమ్' అంటే కూడా ప్రజే, కాకపోతే రక్తసంబంధం ఉన్న మాట. 'అమ్మీ' అంటే నా ప్రజ. హోషేయలో 'లోఅమ్మీ' అని పిల్లాడికి పేరు పెడతారు, నా ప్రజ కాదు అని. మీ పిల్లలకి చెప్పే ఉంటారు. దేవుడు అమ్మీ అని తరచూ అంటాడు. గోయ్‌కి ఆ చనువు చాలా అరుదు. తేడా అక్కడే సన్నగా మొదలైంది. తర్వాత బైబిలుని లాటిన్‌లోకి మార్చిన జెరోము 'గెంటెస్' అన్నాడు, ఇంగ్లీషు జెంటైల్ అందులోంచే వచ్చింది.

కాకినాడ కాజా | శుక్రవారం 9:41

లోఅమ్మీ! ఇన్నేళ్ళూ ఆ పేరు చెబుతూ అందులో 'అమ్మీ' అంటే ఏమిటో విడదీసి చూడలేదు. థాంక్సండీ.

సందేహాలరావు | శుక్రవారం 9:58

బాగుంది. మూడువేల ఏళ్ళ కిందట మంచి మాటే అనుకుందాం. కానీ సుబ్బుగారి ముసలావిడ మారి నగరం నుంచి రాలేదు, న్యూయార్క్‌లో ఉంది. జాతి అన్న మాట ఒక మనిషికి పేరెలా అయింది? 'వాడు ఒక జాతి' అని ఎవరైనా అంటారా? ఎక్కడో ఎవడో కావాలని మార్చాడు. అది చెప్పండి.

పాతపుస్తకాల వీధి | శుక్రవారం 11:15

ఎవడో ఒకడు మార్చింది కాదు గానీ, అసలు ప్రశ్న అదే.

ఇశాయ్ రోజెన్-జ్వీ, ఆదీ ఓఫిర్ అని ఇద్దరు ఇజ్రాయెలీ పండితులు దీని మీదే చాలాకాలం పనిచేశారు. వాళ్ళు చెప్పేదేమిటంటే, బైబిల్లో 'ఇతరులు' అనే ఒకే మూట లేదు. ఐగుప్తీయులు వేరు, ఎదోమీయులు వేరు, మోయాబీయులు వేరు, ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క. ద్వితీయోపదేశకాండం 23 చూస్తే, అమ్మోనీయులకీ మోయాబీయులకీ సమాజంలోకి అసలు ప్రవేశం లేదు, ఎదోమీయులకీ ఐగుప్తీయులకీ మూడో తరంలో ఉంది. ఈ రకరకాల వాళ్ళందర్నీ ఒకే గంపలో వేసి, గంపలో ఉన్న ప్రతి ఒక్కణ్ణీ 'గోయ్' అనడం రబ్బీల (యూదు మతగురువుల) కాలానికి వచ్చేసరికి పూర్తయింది. ఆ దారిలో, యూదులు కానివాళ్ళలోకి క్రైస్తవాన్ని తీసుకెళ్ళిన పౌలుది పెద్ద పాత్ర అంటారు వాళ్ళు. కొందరు పండితులు ఒప్పుకోరు, ఇంకా ముందే జరిగిందంటారు. ఎలా చూసినా, సుమారు క్రీస్తు శకం 200లో మిష్నా అనే రబ్బీల ధర్మశాస్త్రం కూర్చేనాటికి గోయ్ అంటే ఒక మనిషి. 'ఒక గోయ్ వచ్చి పాలు పితికితే', 'ఒక గోయ్ దగ్గర పొలం కౌలుకి తీసుకుంటే' అని ధర్మశాస్త్రం మాట్లాడుతుంది.

ఆ గంప ఎలా తయారైందో మిష్నాలోనే ఒక చిన్న కథ ఉంది, యదాయిమ్ అనే భాగంలో. యూదా మతం తీసుకున్న ఒక అమ్మోనీయుడు, పేరు యెహూదా, విద్యాలయానికి వచ్చి "నేను మీ సమాజంలోకి రావచ్చా?" అని అడుగుతాడు. రబ్బాన్ గమలియేలు రాకూడదంటాడు, రాసి ఉంది కదా అని. రబ్బీ యెహోషువ వచ్చెయ్యమంటాడు. ఏమయ్యా అంటే, అష్షూరు రాజు సన్హెరీబు ఎప్పుడో వచ్చి జనాలందర్నీ ఇక్కడివాళ్ళనక్కడా అక్కడివాళ్ళనిక్కడా కలిపేశాడు, ఇప్పుడు అమ్మోనీయుడెవడు, మోయాబీయుడెవడు అని వాదిస్తాడు. వచ్చినవాణ్ణి తీసుకున్నారు. ఉదారమైన తీర్పే. కానీ దాని వెనకవైపు చూడండి. పాత పేర్లన్నీ చెరిగిపోయాక మిగిలేది రెండే రకాలు, మనం, మిగతావాళ్ళు. ఆ మిగతావాళ్ళకి పేరే గోయ్.

ఎడిసన్ బాబాయ్ | శనివారం తెల్లవారుజాము 4:20 (మాకు శుక్రవారం సాయంత్రం)

ఇంత లోతు నాకు తెలియదు గానీ, నేను స్వయంగా గోయ్‌గా పనిచేశాను కాబట్టి మాట్లాడే హక్కుంది.

న్యూజెర్సీలో మేము ముందున్న వీధిలో సగం ఇళ్ళు సనాతన యూదులవి. ఒక శుక్రవారం రాత్రి తలుపు కొట్టారు. చూస్తే పక్కింటాయన, నల్ల కోటు, టోపీ. "గుడ్ ఈవెనింగ్" అన్నాడు. నేనూ అన్నాను. కాసేపు నిలబడి, "మా ఇంట్లో పిల్లల గదిలో ఏసీ చాలా చల్లగా ఉంది" అన్నాడు. "అయ్యో" అన్నాను. ఇంకాసేపు నిలబడ్డాడు. "చిన్నదానికి జలుబు" అన్నాడు. ఆపమని మాత్రం అడగడు! మా ఆవిడ వెనక నుంచి "వెళ్ళి ఆపేసి రండి, వాళ్ళకివాళ సబ్బాతు" అంది. ఆవిడకి ఆఫీసులో ఎవరో చెప్పారట.

తర్వాత ఆయనే ఆదివారం కేకు తెచ్చి వివరించాడు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా వాళ్ళు స్విచ్ ముట్టకూడదు. ఇంకొకణ్ణి ముట్టమని చెప్పడం కూడా మామూలుగా కుదరదు. సూచనగా అంటే కొన్ని సందర్భాల్లో ఫరవాలేదు. అలా సాయం చేసేవాణ్ణి యిడ్డిష్‌లో, అంటే తూర్పు యూరపు యూదుల భాషలో, 'షాబస్ గోయ్' అంటారు. ఆయన నవ్వుతూ "యూ ఆర్ అవర్ షాబస్ గోయ్" అన్నాడు, నాకేమీ తిట్టినట్టు అనిపించలేదు. అమెరికా సైన్యంలో అత్యున్నత అధికారిగా, విదేశాంగ మంత్రిగా చేసిన కోలిన్ పవెల్ కూడా బ్రాంక్స్‌లో పిల్లాడిగా ఉన్నప్పుడు సినగాగ్‌లో (యూదుల ప్రార్థనాలయంలో) దీపాలు వేసి ఆపినందుకు పావలా డాలరు తీసుకునేవాడట. నాకు కేకే వచ్చింది.

మిద్దెతోట | శనివారం 7:02

అత్తగారు "ఈ కాఫీ చల్లారినట్టుందే" అంటే వేడి చేసి తెమ్మని. మన దగ్గర అందరు కోడళ్ళూ షాబస్ గోయ్‌లే.

సందేహాలరావు | శనివారం 8:15

బాబాయ్‌గారూ, మీ పక్కింటాయన మంచివాడు. కానీ యిడ్డిష్‌లోనే 'గోయిషె కొప్' అని ఉంది. గోయ్ బుర్ర అని. మొద్దుబుర్ర అని అర్థం. అది కూడా ప్రేమేనా?

పాతపుస్తకాల వీధి | శనివారం 8:50

అది ప్రేమ కాదు, ఒప్పుకుంటాను. తూర్పు యూరపులో వందల ఏళ్ళు దెబ్బలు తిని, ఊరి బయట వాడల్లో ఉన్నవాళ్ళు, తమను కొట్టేవాళ్ళ గురించి తమలో తాము అనుకున్న మాటలు అలాగే ఉంటాయి. ఇంకా ఘాటైనవీ ఉన్నాయి. యూదురాలు కాని అమ్మాయిని 'షిక్సె' అంటారు. దాని మూలం 'షెకెత్స్', అసహ్యమైనది అని అర్థం. సుబ్బుగారూ, మీ సిరీస్‌లో అది వస్తే మాత్రం తిట్టుగానే రాయండి, సందేహం అక్కర్లేదు. గోయ్ అలా కాదు. మూలంలో విషం లేదు, అనే గొంతుని బట్టి వస్తుంది. అందుకే దాని గురించి యూదులే ఇప్పటికీ వాదించుకుంటారు. మొహం మీద అనడం మర్యాద కాదని చాలామంది మానేశారు. ఇంకో తమాషా ఏమిటంటే, శాస్త్రం తెలియని యూదుణ్ణి కూడా యిడ్డిష్‌లో గోయ్ అని ఎద్దేవా చేస్తారు.

[ఈ పోస్టు తొలగించబడింది] | శనివారం 9:33

వేదిక నిర్వాహకుడు | శనివారం 9:47

పై పోస్టు తీసేశాను. 'తాల్ముద్‌లో గోయిమ్ గురించి ఏం రాసి ఉందో చూడండి' అంటూ వాట్సాప్‌లో తిరిగే జాబితా అది. (తాల్ముద్ అంటే మిష్నా, దాని మీద రబ్బీల చర్చలు కలిసిన గ్రంథం.) ఆ వచనాలు కొన్ని ఎక్కడా లేనివి, కొన్ని తోక కోసినవి. 1903లో రష్యా పత్రికలో మొదట అచ్చయిన 'సియోను పెద్దల ప్రోటోకాళ్ళు' అనే దొంగ పత్రం నుంచి ఈ వ్యాపారం నడుస్తోంది. యూదులు రహస్యంగా గోయిమ్‌ని ఎలా లొంగదీయాలో మాట్లాడుకుంటున్నట్టు అల్లిన పత్రం. అది కాపీ కొట్టి అల్లిందని 1921లో లండన్ టైమ్స్ పత్రిక వరసకి వరస పెట్టి చూపించింది. అయినా చావలేదు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో యూదుల్ని ద్వేషించే గుంపులు తమని తామే వెటకారంగా 'గోయిమ్' అని పిలుచుకుంటున్నాయి. ఇక్కడ అది వద్దు. చర్చ కొనసాగించండి.

సందేహాలరావు | శనివారం 10:05

తీసేయడం సరే. ఆ పెద్దమనిషితో నాకు సంబంధం లేదు. కానీ నిర్వాహకులు గారూ, అన్నీ దొంగవేనా? ఒక్కటి కూడా నిజం లేదా?

పాతపుస్తకాల వీధి | శనివారం 11:20

సూటిగా అడిగారు, దాచను. ఒకటి ఉంది. షిమోన్ బర్ యోఖాయ్ అనే రబ్బీ పేరు మీద, "గోయిమ్‌లో ఉత్తముణ్ణి చంపు" అన్న అర్థం వచ్చే వాక్యం. నిర్గమకాండం మీద ఉన్న పాత వ్యాఖ్యానంలో, ఎర్రసముద్రం దగ్గర ఫరో రథాలు తరుముకొస్తున్న ఘట్టంలో వస్తుంది. తెగుళ్ళలో పశువులన్నీ చచ్చాయి కదా, రథాలకి గుర్రాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? దేవుడికి భయపడి పశువుల్ని దాచుకున్న మంచి ఐగుప్తీయుల దగ్గర్నుంచే అని లెక్క తేల్చి, ఆ కసితో అన్న మాట. ఆ రబ్బీ కాలం కూడా చూడాలి. 132 నుంచి 135 దాకా రోము మీద తిరగబడి యూదయ దేశం నాశనమైంది. ఆయన గురువు అకీవాని రోమన్లు చంపారు. తర్వాతి వ్యాఖ్యాతలు ఇది యుద్ధంలో మాటే అని కట్టడి చేశారు. వాక్యం మాత్రం ఉంది.

అదే సంప్రదాయంలో ఇంకో గోయ్ ఉన్నాడు. తల్లిదండ్రుల్ని ఎంతవరకు గౌరవించాలి అని శిష్యులు అడిగితే, రబ్బీ ఎలియెజెరు "అష్కెలోనులో ఒక గోయ్ చేసింది చూసి రండి" అంటాడు. వాడి పేరు దామా బెన్ నెతీనా. ప్రధాన యాజకుడి వస్త్రంలో పొదగడానికి రత్నాలు కావాలని యెరూషలేము పండితులు వాడి ఇంటికి వస్తారు. ఆరు లక్షల లాభం. పెట్టె తాళంచెవి నిద్రపోతున్న తండ్రి తలగడ కింద ఉంది. వాడు తండ్రిని లేపలేదు. బేరం పోయింది. మరుసటేడు వాడి మందలో ఒక ఎర్ర పెయ్య పుట్టింది. శుద్ధికర్మకి అలాంటి పెయ్య దొరకడం మహా అరుదు. పండితులు మళ్ళీ వచ్చారు. "లోకంలో ఉన్న డబ్బంతా అడిగినా ఇస్తారని తెలుసు. నాన్నగారిని లేపనందుకు ఆ రోజు పోయినంతే ఇవ్వండి" అన్నాడు. యూదు పిల్లలకి తండ్రిని గౌరవించడం నేర్పడానికి చెప్పే కథలో కథానాయకుడు గోయ్!

అచ్చుప్రతుల్లో ఈ మాట కోసం వెతికితే 'గోయ్' బదులు 'అకుమ్' అని కనిపించవచ్చు. నక్షత్రాల్ని పూజించేవాడు అన్న పదాల పొడి అక్షరాలు. 16వ శతాబ్దంలో తాల్ముద్ అచ్చువేసేటప్పుడు, క్రైస్తవుల్ని అన్నట్టు ఉంటుందని చర్చి సెన్సారు చాలాచోట్ల గోయ్‌ని కొట్టించేసింది. బాజెల్ ముద్రణ (1578-81) అలా నరికినదే.

గుంటూరు ఘాటు | శనివారం మధ్యాహ్నం 1:12

మా దగ్గర సంగతి ఎవరూ చెప్పలేదేంటి? చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు. బెనే ఎఫ్రాయిమ్ అంటారు. సినగాగ్ ఉంది, శనివారం ప్రార్థన ఉంది, హీబ్రూ నేర్చుకుంటారు. మాదిగ కుటుంబాలు. ముందు క్రైస్తవులుగా ఉండి, మేము తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రం వాళ్ళం అని 1980ల చివర, 90ల మొదట్లో ఇలా వచ్చారు. బయటి దేశాల నుంచి పరిశోధకులు వచ్చి రాసుకెళ్ళారు. ఇజ్రాయెల్ మత పెద్దలు వాళ్ళని యూదులుగా ఇంకా గుర్తించలేదు.

మా మేనమామ ఊరు ఆ పక్కనే. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఊరి పెద్దకులాల లెక్కలో వాళ్ళు బయటివాళ్ళు. చర్చి లెక్కలో వదిలేసి పోయినవాళ్ళు. యెరూషలేము లెక్కలో గోయిమ్. వాళ్ళ లెక్కలో మాత్రం మనమందరం గోయిమ్.

కాకినాడ కాజా | శనివారం 2:30

ఘాటు గారూ, మీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

నిన్న రాత్రి నుంచి ఒకటి మనసులో తిరుగుతోంది, చెప్పాలా వద్దా అనుకున్నాను. మా ఇళ్ళలో హిందువుల్ని 'అన్యులు' అంటాం. "అన్యుల పెళ్ళికి వెళ్తున్నాం", "ఎదురింట్లో అన్యులు దిగారు". చెడుగా కాదు, అలవాటు. మత్తయిలో "అన్యునిగాను సుంకరిగాను ఎంచుకొనుము" అని ఉంది కదా. ఆ అన్యుడు ఎవరు? యూదుడు కానివాడు. అంటే ఆ మాట పుట్టిన చోట నిలబడి చూస్తే అన్యురాలిని నేనే. మా తాతల తాతలూ అన్యులే. ఎప్పుడు ఇటు దాటాం?

పాతపుస్తకాల వీధి | శనివారం 3:05

పౌలు దాటించాడండీ. కొరింథు సంఘంలో యూదులు కానివాళ్ళకి రాస్తూ, మొదటి పత్రిక 12వ అధ్యాయంలో "మీరు అన్యజనులై యున్నప్పుడు" అంటాడు. 'ఉన్నప్పుడు' అన్నాడు చూడండి, అంటే ఇప్పుడు కాదు. వాళ్ళు యూదులు కాలేదు, సున్నతి లేదు. అయినా ఎత్నే (ఎత్నోస్‌కి బహువచనం) కాకుండా పోయారు. ఆ ఒక్క క్రియతో గీత జరిగింది. అక్కడ నుంచి క్రైస్తవులకి అన్యుడంటే క్రైస్తవుడు కానివాడు.

మాటలు ఇలా కాళ్ళు మార్చుకోవడం మనకీ ఉంది. హీబ్రూలో గ్రీసు దేశాన్ని ఇప్పటికీ 'యవాన్' అంటారు. ఆదికాండం 10లో 'యావాను' ఉన్నాడు కదా, ఆయనే. మన 'యవనులు' కూడా ఆ అయోనియా గ్రీకులే. మరి కృష్ణదేవరాయల బిరుదు 'యవనరాజ్యస్థాపనాచార్య'లో యవనుడు ఎవరు? బహమనీ సుల్తాను. గ్రీకువాడి పేరు తురుష్కుడి మీదికి పోయింది. తురుష్కుడన్నది కూడా మతం పేరు కాదు, టర్కు జాతి పేరే.

సావ్తా వాళ్ళింట్లో | శనివారం రాత్రి 11:40

అందరికీ నమస్తే. పొద్దున్న నుంచి చదువుతున్నా గానీ సబ్బాతు అయ్యేదాకా రాయలేదు. ఫోన్ ముట్టకూడదని కాదు, నేను యూదురాలిని కాను. ముసలావిడ ఎదురుగా ఫోన్ పట్టుకుంటే ఆవిడకి బాగుండదు, అంతే.

మాది రాజోలు దగ్గర. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా ఎనిమిదో ఏడు. నేను చూసుకునే ఆవిడకి 91. సావ్తా అంటాను, నాయనమ్మ అని. రెండేళ్ళ కిందట ఇంకో ఇంట్లో ఉన్నప్పుడు ద్రాక్షసారా సీసా నేను మూత తీశాను. సాయంగానే. ఇంటాయన మొహం మాడిపోయింది, సీసా మొత్తం సింకులో పోయించాడు. కాచిన సారా అయితే గోయ్ ముట్టుకున్నా ఫరవాలేదట, ఇది కాచనిది. ఆయన కూతురు ఫోన్‌లో ఎవరితోనో "గోయా" అనడం వినిపించింది. ఆడమనిషి అయితే గోయా. ఆ రాత్రి ఏడ్చాను. మాట తెలియక కాదు, తెలిసే.

ఈ సావ్తా దగ్గర ఇంకోలా ఉంటుంది. యూదుడు కానివాడు వండింది తినకూడదని వీళ్ళకో నియమం ఉంది. కానీ పొయ్యి యూదుడు వెలిగిస్తే చాలని ఈవిడ తరఫు వాళ్ళు అంటారు. అందుకని రోజూ పొద్దున్నే నేను వాకర్ పట్టుకుని సావ్తాని వంటింట్లోకి తీసుకొస్తాను. చెయ్యి వణుకుతుంది. నాబ్ మీద నా చెయ్యి పడకుండా, ఆవిడ మోచెయ్యి మాత్రం పట్టుకుంటాను. ట్రిక్, ట్రిక్, మూడోసారికి అంటుకుంటుంది. "నూ, వండు" అని కుర్చీలో కూర్చుంటుంది. తర్వాత వంటంతా నాదే. పొరుగావిడ వచ్చి "నీ గోయా బాగా వండుతుందా?" అని అడిగితే సావ్తా "గోయా ఏమిటి, దానికో పేరుంది" అంది. అదే మాట, అదే భాష.

మా అమ్మమ్మ మడి కట్టుకునే వాళ్ళింట్లో పనిచేసేది. నీళ్ళ బిందె ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. కాబట్టి పొయ్యి సంగతి ఎవరూ వివరించక ముందే నాకు అర్థమైపోయింది.

ఎడిసన్ బాబాయ్ | ఆదివారం 1:15

అమ్మా, నా కేకు కథ మీ ముందు తేలిపోయింది.

సందేహాలరావు | ఆదివారం 8:40

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తిట్టు అవునా కాదా అని నేను రెండు రోజులుగా వాదిస్తున్నది కాస్త పిల్లాటలా అనిపించింది. ఒక్క సందేహం మాత్రం ఉండిపోయింది (నా పేరే అది కదా). అక్కడ పత్రికల్లో, ఆఫీసుల్లో కూడా గోయ్ అనే రాస్తారా?

సావ్తా వాళ్ళింట్లో | ఆదివారం 11:02

లేదండీ. కాగితాల మీద 'లో యెహూదీ' అని, యూదుడు కాదు అని ఉంటుంది. నా వీసా మీద అయితే విదేశీ కార్మికురాలు.

పాతపుస్తకాల వీధి | ఆదివారం 11:30

దీనికి ఒకటి కలుపుతాను. ఐక్యరాజ్యసమితిని హీబ్రూలో 'హాఉమోత్ హామెఉఖదోత్' అంటారు. ఉమోత్ అంటే జాతులు. అసలు జాతులకి బైబిల్లో ఉన్న ప్రధానమైన మాట గోయిమ్ కదా, అది వాడలేదు. 'జనముమీదికి జనము ఖడ్గమెత్తక యుండును' అన్న యెషయా వచనం న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ఎదురుగా గోడ మీద ఇంగ్లీషులో చెక్కి ఉంది. హీబ్రూలో ఆ వచనం 'గోయ్ మీద గోయ్ కత్తి ఎత్తడు' అనే. ఈనాటి చెవికి అది 'యూదులు కానివాళ్ళు కొట్టుకోరు' అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది.

యూదుల్ని నాజీల నుంచి కాపాడిన ఇతరులకి, నాజీలు చంపిన యూదుల స్మారక సంస్థ యాద్ వాషెమ్ 1963 నుంచి ఇస్తున్న గౌరవం పేరు కూడా 'హసిదేయ్ ఉమోత్ హాఓలామ్', లోక జాతుల్లోని పుణ్యాత్ములు. ప్రాణాలకి తెగించి దాచినవాణ్ణి గోయ్ అనడానికి నోరు రాలేదేమో. ఇది నా ఊహ, పేరు మాత్రం రబ్బీల కాలంలోంచే తెచ్చారు. మరో పక్క 1955లో ఇజ్రాయెల్ మొదటి ప్రధాని బెన్ గురియన్ అన్న మాట ఉంది: మన భవిష్యత్తు గోయిమ్ ఏమంటారన్న దాని మీద కాదు, యూదులు ఏం చేస్తారన్న దాని మీద ఉంది అని. అక్కడ మాత్రం గోయిమ్ అనే అన్నాడు.

మిద్దెతోట | ఆదివారం మధ్యాహ్నం 12:10

ఇదంతా సరే, పాపం సుబ్బుగారి ఫైలు రేపు పొద్దున్న. నేను చెప్పనా? మన ఇళ్ళలో పిల్ల ఎవణ్ణో తీసుకొస్తే ముసలాళ్ళు అడిగే మొదటి మాటేమిటి? "మనోళ్ళేనా?" కులం పేరు ఎత్తరు. కోపం ఉండదు, నవ్వూ ఉండదు. ఆ స్వెటర్ అల్లే మామ్మ అన్నది కూడా అదే. "మనోడు కాదు" అని రాసెయ్యండి.

కాకినాడ కాజా | ఆదివారం 12:25

అబ్బ! సరిగ్గా అదే గొంతు.

సబ్‌టైటిల్ సుబ్బు | ఆదివారం సాయంత్రం 5:50

మిద్దెతోట గారూ, దండం. మా ఆవిడ కూడా "ఇదీ మాటంటే" అంది. ఒకటో భాగంలో 'మనోడు కాదు' పెట్టేశాను. మిగతా భాగాలు కూడా ఒకసారి చూసి పడుకుందాం అనుకున్నాను.

సబ్‌టైటిల్ సుబ్బు | ఆదివారం రాత్రి 10:35

కొంప మునిగింది. ఆరో భాగం. కుర్రాడు పెళ్ళి కోసం హీబ్రూ నేర్చుకుంటుంటాడు. భోజనాల బల్ల దగ్గర నాయనమ్మ వాడి చేత నిర్గమకాండం చదివిస్తుంది. వాడు కూడబలుక్కుంటూ 'మమ్లేఖెత్ కొహనీమ్ వెగోయ్ కదోష్' దగ్గరికొచ్చి ఆగి, తలెత్తి, "బామ్మా, అయితే నువ్వు కూడా గోయేనా?" అంటాడు. అందరూ నిశ్శబ్దం. ఆవిడ మొదటిసారి నవ్వుతుంది. సిరీస్ మొత్తానికి కీలకం అదే!

'పరిశుద్ధమైన జనము' అని రాస్తే వాడెందుకు ఆగాడో ఎవరికీ తెలియదు. 'పరిశుద్ధమైన మనోడు కాదు' అని రాయలేను కదా.

పాతపుస్తకాల వీధి | ఆదివారం 10:48

హహ్హ. తెలుగు బైబిలు రెండుగా చీల్చిన మాటని మీరు ఒక్క లైనులో కుట్టాలి. నాకు తోచడం లేదు.

సావ్తా వాళ్ళింట్లో | ఆదివారం 11:20

మొదటి భాగంలోనే "గోయ్" అని ఉంచెయ్యండన్నా. అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఆవిడ అన్న తీరు చూస్తే జనానికి తెలిసిపోతుంది. నాకు ఫోన్‌లో విన్నప్పుడే తెలిసిపోయింది.

సబ్‌టైటిల్ సుబ్బు | సోమవారం ఉదయం 6:15

రెండు చోట్లా 'గోయ్' పెట్టి ఫైలు పంపేశాను. ఆరో భాగంలో వాడు చదివే లైను "పరిశుద్ధమైన గోయ్" అని రాశాను. మా ఆవిడ రాత్రి పన్నెండింటికి ఆ సీను చూసి, ఏమీ అనకుండా లైటు ఆపేసింది.

మిద్దెతోట | సోమవారం 6:40

చూశారా, నేను మొదటి పోస్టులోనే చెప్పాను.